విట్బీ

విట్బీ ఇంగ్లండ్‌లోని నార్త్ యార్క్‌షైర్‌లో, ఎస్క్ నది ఉత్తర సముద్రంలో కలిసేచోట ఉన్న పాత రేవు పట్టణం. తూర్పు కొండమీది మఠ శిథిలాలు దీని ప్రధాన ఆకర్షణ. నార్తంబ్రియా రాజు ఓస్వియు 657లో ఇక్కడ మఠం నెలకొల్పాడు. దాని తొలి అధిపతి హిల్డా అనే సన్యాసిని. ఈస్టర్ తేదీని రోమన్ పద్ధతిలోనే లెక్కించాలని 664లో నిర్ణయించిన సభ జరిగిందీ ఇక్కడే. పేరు తెలిసిన తొలి ఆంగ్ల కవి కాడ్మన్ ఈ మఠంవాడే. నేటి గోతిక్ గోడలు 13వ శతాబ్దంలో మొదలైన కట్టడానివి. పాత ఊరినుంచి 199 మెట్లు పైకి సాగుతాయి. ఓపిక ఉన్నవారు మెట్లదారినే వెళ్లాలి; రేవు మొత్తం కనిపించేది అక్కడినుంచే.

నావికుడు జేమ్స్ కుక్ యువకుడిగా నౌకాయానం నేర్చుకున్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఆయన ప్రఖ్యాత నౌక ఎండెవర్ తయారైనదీ ఈ ఊళ్లోనే. బ్రామ్ స్టోకర్ 1890లో ఇక్కడ బస చేశాడు. 1897నాటి ‘డ్రాక్యులా’ నవలలో కొంత కథ విట్బీలో నడుస్తుంది.

నడక ఇష్టమైనవారికి ఇంతకన్నా మంచి తీరం అరుదు. సుమారు 175 కిలోమీటర్ల క్లీవ్‌లాండ్ వే కాలిబాట ఊరిమీదుగా పోతుంది. కొండ అంచు వెంబడి దక్షిణంగా నడిస్తే రాబిన్ హుడ్స్ బే పల్లె వస్తుంది. 1965లో మూతపడిన స్కార్‌బరో రైలుమార్గం సైకిళ్లకూ పాదచారులకూ సిండర్ ట్రాక్ అయింది. జురాసిక్ కాలపు రాళ్లలో అమ్మోనైట్ శిలాజాలూ, విక్టోరియా కాలంలో సంతాప ఆభరణాలుగా మలచిన నల్లని జెట్ కూడా దొరుకుతాయి. వెదికేవారు పోటు వేళలు ముందే చూసుకోవాలి. రాళ్లు రాలే కొండ కిందికి చేరకూడదు.