ఖాతా లేని మాటలు: మన తిరుత్తణి తెలుగు, ఫోను మీద వేలి గీత

మన తిరుత్తణి, పళ్ళిపట్టు వైపు తెలుగును కాగితం మీద పెట్టినవాళ్ళు తక్కువ. ఇంట్లో "ఉండాది", "యాడ", "రొంత" అంటాము. మనలో చానామంది చదివింది తమిళంలో, ఉద్యోగం చేసింది ఇంగ్లీషులో. ఈ ఇంటి తెలుగును రోజూ రాయడం మొదలైంది ఫోను వచ్చినాకే. కాబట్టి ఫోనులో రాసే పద్ధతి మన మాటను ఏం చేస్తా ఉండాదో చూడాల్సిన పని ఉంది.

ముందు చరిత్ర. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు చిత్తూరుతో పాటు అటు పోయింది. మ.పొ. శివజ్ఞానం గారు ముందుండి సరిహద్దు ఉద్యమం నడిపినారు. పటాస్కర్ సిఫార్సుల మీద 1959లో చట్టం చేసి, 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణిని మద్రాసు రాష్ట్రంలో కలిపినారు. సత్యవేడు వైపు ఊళ్ళు ఆంధ్రకు పోయినాయి. సరిహద్దు మారినా ఇంట్లో మాట మారలేదు, బడి మాత్రం మారింది. 2006లో తమిళం తప్పనిసరి చేసే చట్టం కూడా వచ్చింది. నోటికి తెలుగు, చేతికి తమిళం అన్నట్టు పెరిగిన తరం మనది.

మా కాలంలో బీకాం చదివేవాళ్ళు టైపు ఇన్‌స్టిట్యూటుకు పోయి లోయరు, హయ్యరు పాసు కావడం మామూలు. ఆ మిషనుకు ఒకటే గుణం: ఏ మీట నొక్కితే ఆ అక్షరం పడతాది. తప్పు నొక్కితే తప్పే పడతాది, దాని సొంత తెలివి ఏమీ ఉండదు. కంప్యూటరు కీబోర్డుదీ అదే పద్ధతి. మన భాషలకు ప్రభుత్వం పెట్టిన ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి వస్తాయి. తెలుగుకూ తమిళానికీ అమరిక ఒకటే కాబట్టి, తమిళంలో నేర్చుకున్న చేతికి తెలుగు త్వరగా పట్టుబడుతుంది. "ఉండాది" అనడానికి ఆరు గుర్తులు కొడితే ఆ ఆరూ అట్లే పడతాయి.

వేలితో గీసే పద్ధతి వేరు. షుమిన్ ఝాయ్, పెర్ ఓలా క్రిస్టెన్సన్ అనే పరిశోధకులు 2003 ప్రాంతంలో దీని మీద పని చేసినారు. టీ9 కనిపెట్టినవారిలో ఒకరైన క్లిఫ్ కుష్లర్ తయారు చేసిన స్వైప్ 2009లో శామ్‌సంగ్ ఫోనులో వచ్చింది. 2012లో ఆండ్రాయిడ్ 4.2తో గూగుల్ కీబోర్డులోకీ వచ్చింది.

అది పనిచేసే తీరు బ్యాంకువాళ్ళకు సులభంగా అర్థమవుతుంది. చెక్కు వస్తే సంతకాన్ని మన దగ్గరుండే నమూనా సంతకంతో పోల్చి చూస్తాము గదా? ఫోను కూడా మనం గీసిన గీతను తన నిఘంటువులో ఉండే మాటల గీతలతో పోల్చుతుంది. దగ్గరగా ఉండేదీ, జనం ఎక్కువగా వాడేదీ చూసి దాన్ని పెడుతుంది. నిఘంటువులో ఖాతా లేని మాట ఎంత సరిగ్గా గీసినా చెల్లదు. అంతకంటే పెద్ద చిక్కు ఏమంటే, చెక్కు వాపసు చేసినట్టు చేయకుండా ఇంకొకరి ఖాతాలో వేసేస్తుంది. నా ఫోనులో ఇంగ్లీషు అక్షరాల మీద "ఉండాది" అని గీస్తే "ఉంది" అని పడింది. "రొంత ఆగు" కాస్తా "రొట్టె ఆగు" అయింది!

"ఉంది" తప్పు మాట కాదు గదా అంటారు. కాదు. అందుకే ప్రమాదం. "రొట్టె"ను అందరూ నవ్వి దిద్దుతారు, "ఉంది"ని ఎవరూ దిద్దరు. పది మంది పదేండ్లు అట్లే పంపుకుంటే, మన పిల్లలు రాతలో "ఉండాది"ని ఒక్కసారీ చూడరు. రేపు ఎవరైనా ఈ మెసేజీలు చూసి తిరుత్తణి తెలుగు ఎట్లుండేదో తేల్చుకోవాలంటే, వాళ్ళకు దొరికేది ఫోను దిద్దిన తెలుగు.

అట్లని గీసేది మానమని చెప్పను. మా అక్కకు తెలుగు అక్షరాలు రావు, వేళ్ళ కీళ్ళు నొప్పి. మీటలు కొట్టమంటే ఆమె అసలు రాయదు. గీత ఉండబట్టే నాతో రోజూ తెలుగులో మాట్లాడుతుంది. కీబోర్డు నిజాయితీగలదే, కానీ దాని దగ్గరకు పోగలిగినవాళ్ళు కొందరే.

చేయగలిగింది ఒకటుంది. చానా ఫోన్లలో భాషల సెట్టింగులో సొంత నిఘంటువు ఉంటుంది. మన మాటను అందులో ఒకసారి అక్షరం అక్షరంగా కొట్టి చేర్చాలి. పరిచయకర్త సంతకం పెట్టి కొత్త ఖాతా తెరిచినట్టు. నేను మొదట చేర్చినవి ఇవి: ఉండాది, ఉండారు, యాడ, ఈడ, రొంత. మీ ఇంట్లో వాడే మాటలు, ఏ ఊరివో కూడా చెప్పి రాయండి. ఫోనులో కాకపోతే ఒక నోటు పుస్తకంలోనైనా రాసి పెట్టండి. అవ్వా తాతలు ఉన్నప్పుడే అడగాల్సిన పని ఇది.