రాపిడికి రాలిపోయిన పొర

1978 మే నెల. న్యూయార్క్ నగరం, బ్రూక్లిన్. స్టేట్ యూనివర్సిటీ వైద్య కళాశాలలో, ఫార్మకాలజీ ల్యాబ్‌లో మీరు నిలబడి ఉన్నారు. ఎదురుగా గాజుపాత్రలో 37 డిగ్రీల వెచ్చటి ఉప్పు ద్రావణం. అడుగు నుంచి ఆక్సిజన్ బుడగలు ఆగకుండా పైకి వస్తున్నాయి. కుందేలు బృహద్ధమని నుంచి అడ్డంగా కోసిన చిన్న రింగు అందులో వేలాడుతోంది. రింగు బిగుసుకుంటే పక్కనున్న యంత్రం కాగితం మీద గీత పైకి లేస్తుంది, సడలితే కిందికి దిగుతుంది.

బల్ల దగ్గర పనిచేస్తున్నది టెక్నీషియన్ డేవిడ్ డేవిడ్‌సన్. ల్యాబ్ పెద్ద రాబర్ట్ ఫర్చ్‌గాట్‌కు అరవై దాటాయి. పాతికేళ్లుగా రక్తనాళాల ముక్కలతోనే ఆయన జీవితం గడిచింది. ఈరోజు పని క్రమం ఆయన ముందే రాసిచ్చారు: నార్‌ఎపినెఫ్రిన్ వేసి రింగును బిగుసుకోనివ్వాలి, ఆ మందును పూర్తిగా కడిగేయాలి, ఆ తర్వాతే కార్బకాల్ వేయాలి. కార్బకాల్ అంటే నాడీ రసాయనం అసిటైల్‌కోలిన్‌కు దగ్గరి చుట్టం.

కడగడం తప్పిపోయింది. బిగుసుకునే ఉన్న రింగు మీదే కార్బకాల్ పడింది. గీత ఇంకా పైకి పోవాలి. మీ కళ్లముందే అది కిందికి దిగుతోంది.

అదెంత వింతో తెలియాలంటే పాత చిక్కుముడి ఒకటి చెప్పాలి. బతికున్న జంతువుకు అసిటైల్‌కోలిన్ ఎక్కిస్తే రక్తనాళాలు విచ్చుకుంటాయి, రక్తపోటు పడిపోతుంది. అదే రక్తనాళాన్ని మెలి తిరిగేలా పొడవాటి పట్టీగా కోసి ద్రావణంలో వేలాడదీస్తే బిగుసుకుంటుంది. 1950ల నుంచీ ఫర్చ్‌గాట్ చూస్తున్నది ఈ బిగుసుకోవడమే. ఎందుకిలా అన్నదానికి జవాబు దొరకలేదు. పట్టీలు మాని రింగులు వాడటం మాత్రం ఈమధ్యే మొదలైంది. చాలా ల్యాబుల్లో ఈ కాగితాన్ని చెత్తబుట్టలో పడేసి, సరైన క్రమంలో మళ్లీ మొదలుపెట్టేవారని నా నమ్మకం. ఈయన దాన్ని పక్కన పెట్టనివ్వలేదు. రింగు ఎందుకు సడలింది, పట్టీ ఎందుకు సడలదు?

పట్టీ కోసే చేతుల్ని దగ్గరగా చూడండి. నాళాన్ని తిప్పుతూ కత్తెరతో కోస్తుంటే లోపలి వైపు వేలికో, పరికరానికో రాసుకుంటుంది. కంటికి ఏ తేడా కనిపించదు. నాళం లోపల ఒకే ఒక్క కణం మందాన పరుచుకున్న పొర ఉంటుంది, ఎండోథీలియం. ఉల్లిపొర కూడా దాని ముందు మందమే. ఆ కాస్త రాపిడికే అది ఊడిపోతోంది. ఎక్కడా తగలకుండా జాగ్రత్తగా కోస్తే పట్టీ కూడా సడలింది. రింగు లోపల కావాలని రుద్దితే సడలడం మానేసింది. వెండి లవణంతో రంగు అద్ది సూక్ష్మదర్శినిలో చూస్తే, రుద్దని నాళంలో కణాల హద్దులు నల్లటి వలలా కనిపించాయి. రుద్దినచోట ఆ వల లేదు.

అంతకాలం ఆ పొరను రక్తం కారకుండా ఆపే గోడ పూతగానే చాలామంది చూశారు. వెతుకుతున్న జవాబును కోసేటప్పుడే చేతులారా తుడిచేస్తూ వచ్చారు. తన చేతిపనినే అనుమానించడంలో ఫర్చ్‌గాట్ గొప్పతనం ఉందని నాకనిపిస్తుంది.

తర్వాతి పరీక్ష ఇంకా అందమైనది. పొర గీకేసిన పట్టీ, అసిటైల్‌కోలిన్‌కు సడలనిది ఒకటి. పొర ఉన్న పట్టీ మరొకటి. రెండింటినీ లోపలి వైపులు ఒకదానికొకటి ఆనేలా కలిపి ద్రావణంలో దించారు. అసిటైల్‌కోలిన్ పడింది. గీకేసిన పట్టీ సడలింది! పొర నుంచి ఏదో పదార్థం బయలుదేరి పక్క కండరాన్ని చేరుతోంది. జాన్ జవాడ్‌స్కీతో కలిసి ఫర్చ్‌గాట్ 1980లో 'నేచర్'లో ఈ సంగతి ప్రచురించారు.

ఆ పదార్థం కొద్ది సెకన్లలోనే మాయమయ్యేది. 1986లో ఫర్చ్‌గాట్, లూయీ ఇగ్నారో విడివిడిగా అది నైట్రిక్ ఆక్సైడ్ వాయువు కావచ్చన్నారు. మరుసటి ఏడు సాల్వడార్ మొంకాడా బృందం దాన్ని కొలిచి చూపింది. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర చేసేదీ అదే, నైట్రిక్ ఆక్సైడ్‌ను అందించడం. ఆ మర్మాన్ని ఫెరిడ్ మురాద్ 1977లోనే పట్టుకున్నారు. 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ వచ్చింది. మొంకాడాకు అందులో చోటు లేకపోవడం నాకిప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

ఇక బ్రూక్లిన్ వదిలి ఆస్పత్రికి రండి. అదే 1986. క్యాథ్ ల్యాబ్‌లో రోగి గుండె ధమనిలోకి సన్నటి గొట్టం పంపి, పలచన చేసిన అసిటైల్‌కోలిన్‌ను చుక్కలుగా వదులుతున్నారు. తెరమీద ఆరోగ్యంగా ఉన్న ధమని విచ్చుకుంది. కొవ్వు పేరుకున్న ధమని బిగుసుకుంది, కుందేలు పట్టీలాగే. ఇక్కడ ఎవరి చేతి రాపిడీ లేదు. సిగరెట్, మధుమేహం, బీపీ, కొలెస్ట్రాల్ దెబ్బతీసేది ఈ పొరనే, అదీ నాళం కంటికి ఇరుకయ్యేలోపే.

1992లో లండన్ వైద్యులకు ఈ పొరను పరీక్షించడానికి గొట్టం అక్కర్లేని దారి దొరికింది. చేతికో కాలికో బీపీ కొలిచేలాంటి పట్టీ బిగించి రక్తాన్ని కొద్ది నిమిషాలు ఆపి ఒక్కసారిగా వదిలారు, ఆ ఉరవడికి పొర స్పందించి అక్కడి ధమని ఎంత విచ్చుకుందో అల్ట్రాసౌండ్‌లో చూశారు. పొగతాగేవారిలో, పుట్టుకతోనే అధిక కొలెస్ట్రాల్ ఉన్న పిల్లల్లో అది సరిగా విచ్చుకోలేదు. ఆ పిల్లలకు గుండెజబ్బు లక్షణాలేవీ అప్పటికి లేవు.