ఎడారి నుంచి వీధిలోకి
2004 మార్చిలో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా మొహావీ ఎడారిలో డ్రైవర్ లేని కార్లకు పోటీ పెట్టింది. ఒక్కటీ గమ్యం చేరలేదు. ముందున్నది కూడా 12 కిలోమీటర్ల లోపే ఆగిపోయింది. మరుసటి ఏడాది స్టాన్‌ఫర్డ్ వారి ‘స్టాన్లీ’ సుమారు 212 కిలోమీటర్లను 7 గంటల లోపే ముగించి గెలిచింది. తాగి నడిపేవారి వల్ల పోయే ప్రాణాలు నిలుస్తాయనీ, చూపులేనివారు ఒంటరిగా కారెక్కగలరనీ ఆశ చిగురించింది. న్యాయమైన ఆశే.

కానీ 2018 మార్చి 18 రాత్రి అరిజోనాలోని టెంపీలో ఉబర్ పరీక్షిస్తున్న, తనంతట తానే నడిచే కారు, సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొట్టింది. ఆమె చనిపోయింది. 5.6 సెకన్ల ముందే యంత్రం ఆమెను పసిగట్టినా మనిషని పోల్చుకోలేదు. జీబ్రా గీతలు లేనిచోట కూడా మనుషులు రోడ్డు దాటుతారన్న ఊహే ఆ సాఫ్ట్‌వేర్‌లో లేదు. అది క్షమించరాని లోపం. అయినా కంపెనీపై నేరాభియోగం రాలేదు. కారులో కూర్చున్న పర్యవేక్షకురాలికి 2023లో 3 ఏళ్ల ప్రొబేషన్ పడింది.