మీరు ఊరెళ్తే కుక్కను ఎవరు చూస్తారు?

ఇంగ్లండ్‌లో ఎదుటివారి కుక్కను డబ్బు తీసుకుని మన ఇంట్లో ఉంచుకోవడం వ్యాపారంగా పెట్టుకుంటే, ముందు ఆ ఊరి కౌన్సిల్ దగ్గర లైసెన్సు తెచ్చుకోవాలి. కౌన్సిల్ అంటే మన మునిసిపాలిటీ లాంటిది. ఇన్‌స్పెక్టర్ ఇంటికి వస్తారు. పెరటి కంచె ఎంత గట్టిగా ఉందో, గేటు గడియ సరిగ్గా పడుతోందో లేదో చూస్తారు. అవసరమైతే విడిగా ఉంచడానికి ప్రతి కుక్కకూ ఒక గది చూపించమంటారు. రెండిళ్ల కుక్కల్ని ఒకేసారి ఉంచుకుంటే రెండిళ్ల వాళ్లూ రాసిచ్చిన అంగీకారం ఉందా అని అడుగుతారు. అన్నీ సరిపోతే ఒకటి నుంచి ఐదు దాకా నక్షత్రాలు వేసి, ఏడాదికో రెండేళ్లకో మూడేళ్లకో లైసెన్సు ఇస్తారు.

లండన్‌కు పడమట, థేమ్స్ ఒడ్డున ఉన్న రెడింగ్‌లో నేను ఈ పనే చేస్తున్నాను. ఊళ్లకు వెళ్లేవారి కుక్కల్ని ఇంట్లో ఉంచుకుంటాను, ఆఫీసులకు వెళ్లేవారి కుక్కల్ని నడకకు తీసుకెళ్తాను, పిల్లుల కోసం రోజూ వాళ్ల ఇళ్లకే వెళ్లి వస్తాను. ఈ లైసెన్సు సంగతి విని తెనాలిలో మా మేనత్త ఫోన్లో అడిగింది: "మనం ఊరెళ్తూ పక్కింటివాళ్లకు చెప్పి రెండు ముద్దలు పెట్టమంటే సరిపోయేది కదే. దానికి సర్కారు కాగితం ఎందుకే అమ్మాయ్?"

న్యాయమైన ప్రశ్న. జవాబు చెప్పాలంటే ఈ దేశపు 200 ఏళ్ల చరిత్ర చెప్పాలి. జంతువును కొట్టకూడదని ఈ దేశం త్వరగానే చట్టం రాసుకుంది. కానీ పెంచినవాళ్లు పక్కన లేనప్పుడు దాని గతి ఏమిటన్న ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికి చాలా కాలం పట్టింది. ఆ జవాబు దొరక్క మధ్యలో ఒక ఘోరం కూడా జరిగిపోయింది.

బ్రిటిష్‌వాళ్లకు పుట్టుకతోనే జంతువులంటే ప్రేమ అని మనలో చాలామంది అనుకుంటారు. చరిత్ర చదివితే అలా అనిపించదు. కట్టేసిన ఎద్దు మీదికి కుక్కల్ని ఉసిగొల్పి చూడటం ఇక్కడ వందల ఏళ్లపాటు జనానికి వినోదం. కోడిపందేలు మన గోదావరి జిల్లాల సంక్రాంతికి తీసిపోకుండా సాగేవి. ఎనిమిదో హెన్రీ రాజు తన వైట్‌హాల్ ప్యాలెస్‌లోనే పందెపు బరి కట్టించుకున్నాడు. ఎద్దుల హింసను ఆపాలని 1800లో పార్లమెంటుకు వచ్చిన బిల్లు ఓడిపోయింది. 1809లో లార్డ్ ఎర్‌స్కిన్ తెచ్చిన బిల్లు ప్రభువుల సభలో నెగ్గి కామన్స్ సభలో వీగిపోయింది. 1821లో గాల్వే సభ్యుడు రిచర్డ్ మార్టిన్ మరో బిల్లు తెచ్చినప్పుడు, గాడిదలకు కూడా రక్షణ కావాలని ఒకరు అంటే సభంతా పగలబడి నవ్వింది.

మార్టిన్ మరుసటి ఏడాదే మళ్లీ వచ్చాడు. 1822లో చట్టం చేయించాడు. పశువులు, గుర్రాలు, గాడిదలు, గొర్రెలను క్రూరంగా హింసిస్తే శిక్ష. కుక్క, పిల్లి అందులో లేవు. కాగితం మీది చట్టాన్ని అమలు చేసేవాళ్లూ లేరు. లండన్ పోలీసు దళం పుట్టిందే 1829లో. అందుకని మార్టినే వీధుల్లో తిరిగి కేసులు పెట్టేవాడు. 1824లో ఒక కాఫీ హౌస్‌లో కొందరు కూడి జంతుహింస నివారణ సంఘం పెట్టారు. బానిసల వ్యాపారం మీద పోరాడిన విల్బర్‌ఫోర్స్ వారిలో ఒకడు. సంఘాన్ని నిలబెట్టిన ఆర్థర్ బ్రూమ్ అనే పాదిరి సొంత డబ్బుతో ఇన్‌స్పెక్టర్లను పెట్టి, చివరికి సంఘం అప్పులకు తాను జైలుకు వెళ్లాడు. 1835 చట్టంతో కుక్కలకూ రక్షణ వచ్చింది, ఎద్దుల మీదికి కుక్కల్ని వదలడం, కోడిపందేల బరులు నడపడం నేరమయ్యాయి. 1840లో విక్టోరియా రాణి సంఘానికి రాచ హోదా ఇచ్చింది. అదే నేటి ఆర్‌ఎస్‌పీసీఏ. ఆ ఒరవడిలోనే 1861లో కలకత్తాలో ఇలాంటి సంఘం పుట్టింది. స్వతంత్రం వచ్చాక రుక్మిణీదేవి అరండేల్ పట్టుబట్టగా మన దేశం 1960లో సొంతంగా జంతుహింస నివారణ చట్టం చేసుకుంది.

కొట్టినవాణ్ణి పట్టుకోవచ్చు. మరి వదిలేసినవాణ్ణి? ఈ ప్రశ్న వేసిన మొదటివాళ్లలో మేరీ టీల్బీ ఒకరు. 1860లో ఆమె ఉత్తర లండన్‌లోని హోలోవేలో తప్పిపోయిన, ఆకలితో మాడుతున్న కుక్కల కోసం ఒక ఆశ్రయం తెరిచింది. మనుషులకే కూడు లేని నగరంలో కుక్కలకు ఇల్లా అని పత్రికలు ఎగతాళి చేశాయి. చార్లెస్ డికెన్స్ పత్రిక మాత్రం 1862లో అందంగా అలంకరించిన కుక్కల ప్రదర్శననూ, ఈ దిక్కులేని కుక్కల ఇంటినీ పక్కపక్కన పెట్టి, రెండోదాని వైపు నిలబడింది. 1871లో ఆ ఆశ్రయం బ్యాటర్సీకి మారింది, ఇప్పటికీ అక్కడే ఉంది.

తర్వాత రేబిస్ ఈ కథను మలుపు తిప్పింది. 1890లలో ప్రభుత్వం కుక్కల మూతులకు బుట్టలు తగిలించాలని ఆజ్ఞలు వేసింది, విదేశాల నుంచి వచ్చే కుక్కలకు క్వారంటైన్ పెట్టింది. జనం తీవ్రంగా గొడవ చేశారు, అయినా మంత్రి వాల్టర్ లాంగ్ వెనక్కి తగ్గలేదు. 1902 నాటికి రేబిస్ పోయింది. మొదటి ప్రపంచ యుద్ధం చివర సైనికులు దొంగచాటుగా తెచ్చిన కుక్కలతో 1918లో మళ్లీ వచ్చి, 1922 నాటికి మళ్లీ పోయింది. కుక్కకాటు అంటే భయపడే ఊళ్ల నుంచి వచ్చిన మనకు ఈ విజయం విలువ బాగా తెలుస్తుంది. దీనికి ఒక పర్యవసానం ఉంది. విదేశానికి తీసుకెళ్లిన కుక్కను తిరిగి తెస్తే ఆరు నెలలు క్వారంటైన్ గూట్లో ఉంచాల్సి వచ్చేది. ఆ నియమం 2000లో పెంపుడు జంతువుల ప్రయాణ పథకం వచ్చేదాకా నడిచింది. కాబట్టి సెలవుకు ఫ్రాన్సో స్పెయినో వెళ్లే కుటుంబం కుక్కను ఇక్కడే ఎవరికో అప్పగించక తప్పేది కాదు.

అప్పగించడానికి మనిషి దొరక్కపోతే ఏమవుతుందో 1939లో తెలిసింది. యుద్ధం తప్పదని తేలిన ఆ వేసవిలో జంతువుల రక్షణకు పెట్టిన ఒక అధికారిక కమిటీ కరపత్రం వేసింది. మీ జంతువులను పల్లెలకు పంపండి, లేదా పొరుగువారికి అప్పగించండి, రెండూ కుదరకపోతే నొప్పి లేకుండా చంపించడమే దయ అన్నది దాని సారం. సెప్టెంబర్ 3న యుద్ధం ప్రకటించారు. బాంబుల భయం, తిండి కరువు భయం. ప్రజల షెల్టర్లలోకి జంతువుల్ని రానివ్వరు. జనం పశువైద్యశాలల ముందు పిల్లుల్ని, కుక్కల్ని పట్టుకుని బారులు తీరారు. మొదటి వారంలో ఒక్క లండన్‌లోనే సుమారు 4,00,000 జంతువులను చంపించారని చరిత్రకారిణి హిల్డా కీన్ రాసింది. అప్పటికి లండన్ మీద ఒక్క బాంబు కూడా పడలేదు. అలా చేయమని ప్రభుత్వం ఆజ్ఞ కూడా ఇవ్వలేదు.

ఆ బారుల్లో నిలబడినవాళ్లు క్రూరులు కారు. పిల్లల్ని పల్లెలకు పంపేసి, మగవాళ్లు సైన్యంలోకి వెళ్తున్న ఇళ్లు అవి. కరపత్రం చెప్పిన మొదటి రెండు దారులు మూసుకుపోయిన చోట మూడోది మిగిలింది. అప్పుడే కొందరు ఆ రెండు దారులనూ తెరిచి చూపించారు. హామిల్టన్ డచెస్ నీనా తన ఫెర్న్ ఎస్టేటును జంతువులకు ఆశ్రయంగా ఇచ్చింది. బ్యాటర్సీ ఆశ్రయం యుద్ధకాలమంతా తలుపులు మూయకుండా 1,45,000 కుక్కలకు చోటిచ్చింది. చేయి అందించేవాళ్లు ఉన్నచోట జంతువులు బతికాయి. ఈ అధ్యాయం చదివిన తర్వాత నా పనిని చిన్న పని అని నేను ఎన్నడూ అనుకోలేదు.

యుద్ధం ముగిశాక, చవక విమాన సెలవులు పెరుగుతున్న రోజుల్లో, కుక్కల్ని పిల్లుల్ని ఉంచుకునే కెన్నెళ్లకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ 1963లో చట్టం వచ్చింది. ఆ తర్వాతది 2006 జంతు సంక్షేమ చట్టం. మా మేనత్త ప్రశ్నకు సూటి జవాబు అందులోనే ఉంది. జంతువుకు బాధ్యుడు ఎవరన్నచోట ఆ చట్టం శాశ్వతంగా పెంచుకునేవారినీ, తాత్కాలికంగా చూసుకునేవారినీ ఒకే గాటన కట్టింది. తగిన చోటు, తగిన తిండి, తన సహజ స్వభావంతో మెలగే వీలు, తోటి జంతువులతో కలిసి గానీ విడిగా గానీ ఉండే అవసరం, నొప్పి రోగాల నుంచి కాపుదల, ఈ ఐదూ సమకూర్చాలి. శుక్రవారం సాయంత్రం మీ కుక్క నా గుమ్మం దాటి లోపలికి వస్తే, ఆదివారం మీరు వచ్చేదాకా ఈ ఐదింటికీ నేనూ చట్టం ముందు జవాబుదారీనే. క్రూరత్వానికి గరిష్ఠ శిక్షను 2021లో ఆరు నెలల నుంచి ఐదేళ్లకు పెంచారు. 1963 నాటి చట్టం స్థానంలో ఇంగ్లండ్ వరకు 2018 అక్టోబర్ 1 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. నాకు లైసెన్సు ఇచ్చింది వాటి కిందనే.

ఇక పని సంగతి. జంతువు యజమాని ఇంటికే వెళ్లి చూసి వచ్చేదానికీ, నడిపించేదానికీ ఈ లైసెన్సు అక్కర్లేదు. మన ఇంట్లో ఉంచుకుంటేనే కావాలి. లైసెన్సు ఉన్నా లేకపోయినా బీమా లేకుండా మొదలుపెట్టకూడదు. మన చేతిలో ఉన్న కుక్క ఎవరినైనా కరిచినా, దానికే దెబ్బ తగిలినా, మన దగ్గరున్న ఇంటి తాళాలు పోయినా, మూడింటికీ వర్తించే పాలసీ చూసుకోవాలి. నేరచరిత్ర లేదని చెప్పే బేసిక్ డీబీఎస్ పత్రం ఎవరికి వారు తెప్పించుకోవచ్చు. పన్ను ఏడాదిలో రాబడి 1,000 పౌండ్లు దాటితే పన్ను శాఖ దగ్గర స్వయం ఉపాధి కింద నమోదు కావాలి. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చే మన పిల్లలకు ఒక మాట: స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి కుదరదు. కుక్కల్ని నడిపించి డబ్బు తీసుకోవడం సులువుగా కనిపించినా వీసాకే ముప్పు. డిపెండెంట్ వీసా మీద వచ్చినవారికి సాధారణంగా ఆ అడ్డు ఉండదు.

ఏ జంతువునైనా ఒప్పుకునే ముందు దాన్ని, దాని మనుషుల్ని కలుస్తాను. ఏం తింటుంది, ఏ మందు ఏ వేళకు, దేనికి భయపడుతుంది, ఏ పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్తారు, అత్యవసరమైతే ఎంత ఖర్చు దాకా నేను నిర్ణయం తీసుకోవచ్చు, ఇవన్నీ రాయించి సంతకం పెట్టిస్తాను. తాళాల గుత్తికి చిరునామా రాయను, ఒక అంకె మాత్రమే వేస్తాను. నడకకు వెళ్లే ప్రతి కుక్క మెడపట్టీ మీద యజమాని పేరు, చిరునామా ఉండాలన్నది 1992 నుంచి చట్టం. మైక్రోచిప్ కుక్కలకు 2016 నుంచి, ఇంగ్లండ్‌లో పిల్లులకు 2024 జూన్ నుంచి తప్పనిసరి.

తెలుగు వంటిల్లు ఉన్నచోట ఇంకో జాగ్రత్త కావాలి. ఉల్లి, వెల్లుల్లి కుక్కకూ పిల్లికీ విషం. పాయసంలో వేసే కిస్మిస్ కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పూలకుండీలో లిల్లీ పూలుంటే ఆ గదిలోకి పిల్లిని రానివ్వకూడదు. దీపావళికి, నవంబర్ 5న ఇక్కడివాళ్లు బాణసంచా కాల్చే గై ఫాక్స్ రాత్రికి ఎక్కువ ఎడం ఉండదు. ఆ రోజుల్లో చీకటి పడకముందే నడకలు ముగించి, కిటికీ తెరలు వేసి, కుక్కల దగ్గరే కూర్చుంటాను.

ఖాతాదారుల్లో మన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. పెళ్లికో, పెద్దల ఆరోగ్యం బాగాలేదనో వారాల తరబడి ఇండియా వెళ్లాల్సి వస్తుంది. కుక్కను విమానంలో తీసుకెళ్లడం అంత తేలికైన పని కాదు. యూరప్ ప్రయాణం కూడా 2021 నుంచి కష్టమైంది, ప్రతిసారీ పశువైద్యుడి నుంచి కొత్త ఆరోగ్య పత్రం తీసుకోవాలి. డబ్బు ఇచ్చుకోలేనివారిని సంఘాలు ఆదుకుంటాయి. 1985లో మొదలైన సినమన్ ట్రస్ట్ వాలంటీర్లు మంచం పట్టిన వృద్ధుల కుక్కల్ని నడిపిస్తారు. భర్త హింస భరించలేక ఇల్లు విడిచే స్త్రీల కుక్కలకు డాగ్స్ ట్రస్ట్ 2004 నుంచి తాత్కాలిక ఇళ్లు చూపిస్తోంది. కుక్కను వదల్లేక దెబ్బలు తింటూ ఆ ఇంట్లోనే ఉండిపోయే ఆడవాళ్లు ఉంటారని వాళ్లు గుర్తించారు. జంతువును చూసుకోవడమంటే మనిషిని కాపాడటం కూడా అని నాకు తెలిసింది అక్కడే.

హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో ఇప్పుడు ఫ్లాట్లలో కుక్కలు పెరుగుతున్నాయి. రెండు ముద్దలు పెట్టే పక్కింటివాళ్లూ పొద్దున్నే ఆఫీసుకు వెళ్లిపోతారు. అంటే ఈ దేశాన్ని అప్పట్లో వేధించిన ప్రశ్న ఇప్పుడు మన గుమ్మంలోకీ వచ్చింది. చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. కుక్కను అప్పగించే ముందు ఆ చోటికి మీరే వెళ్లి చూడండి. రాత్రి అది ఎక్కడ పడుకుంటుందో, జబ్బు చేస్తే ఎవరి దగ్గరికి తీసుకెళ్తారో అడగండి. మాట్లాడుకున్నది కాగితం మీద పెట్టండి. ఈ పని పెట్టుకోవాలనుకునే మన పిల్లలకు నేను చెప్పేదీ అదే: ఎవరూ అడగకముందే ఈ జవాబులన్నీ సిద్ధంగా పెట్టుకోండి. తన బాధ చెప్పుకోలేని ప్రాణిని ఒక కుటుంబం మన చేతుల్లో పెట్టి వెళ్తోంది. తిరిగి వచ్చేదాకా దాని పూచీ మనదే.