పరామర్శకు వచ్చినవారు ఏం మాట్లాడవచ్చు?

1950ల ఆరంభంలో ఫానీ రోజనావ్ అనే మహిళ న్యూయార్క్ టైమ్స్ పత్రికకు ఫోన్ చేసి, రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీల బృందం గురించి ఒక ప్రకటన వేయించాలని అడిగారట. ఆ ఫోను విందులు, వివాహాల వార్తలు చూసే సంపాదకురాలి దగ్గరికి వెళ్ళింది. తమ పత్రికలో ‘రొమ్ము’ అన్న మాట గానీ ‘క్యాన్సర్’ అన్న మాట గానీ అచ్చువేయడం కుదరదనీ, కావాలంటే ‘ఛాతీ గోడకు వచ్చే వ్యాధులు’ అని వేసుకోవచ్చుననీ అటునుంచి సమాధానం. రోజనావ్ విసుగెత్తి ఫోను పెట్టేశారు.

రొమ్ము క్యాన్సర్ రోగులకు అండగా నిలిచే సంఘాల చరిత్ర చెప్పేవారు తరచుగా గుర్తుచేసే ఉదంతం ఇది. కాని పత్రిక బిడియం అందులో చిన్న భాగం మాత్రమే. ఒక రోగి ఇంకొక రోగిని పలకరించవచ్చునా, పలకరిస్తే ఏ హద్దు వరకు మాట్లాడవచ్చును అన్న ప్రశ్న అంతకన్న పెద్దది. దానికి జవాబు తేలడానికి అమెరికాలో దాదాపు ముప్ఫై ఏళ్ళు పట్టింది.

ఆనాటి శస్త్రచికిత్స ఎలా ఉండేదో తెలిస్తే తప్ప ఈ ప్రశ్న బరువు అర్థం కాదు. జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ రూపొందించి, 1894లో యాభై మంది రోగుల అనుభవంతో ప్రకటించిన పద్ధతిలో రొమ్ముతో పాటు దాని కింది ఛాతీ కండరాలను, చంకలోని లింఫ్ గ్రంథులను కూడా తొలగించేవారు. ఛాతీ గుంటపడేది. చెయ్యి వాచేది, పైకి లేచేది కాదు. పైగా, అంతా ఒకే మత్తులో జరిగిపోయేది. గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకు పంపడానికని స్త్రీకి మత్తు ఇచ్చేవారు. క్యాన్సర్ అని తేలితే ఆమెను లేపకుండానే రొమ్ము తీసేసేవారు. దానికి ముందే సంతకం చేసి పడుకోవాలి. మెలకువ వచ్చాక కట్లు తడుముకుని చూసుకుంటే గాని తనకు ఏమైందో ఆమెకు తెలిసేది కాదు.

1952లో న్యూయార్క్ మెమోరియల్ ఆసుపత్రిలో టెరీజ్ లాసర్ అలాగే మేల్కొన్నారు. చెయ్యి ఎప్పుడు లేస్తుంది, ఏ బట్టలు వేసుకోవాలి, భర్త ముందు ఎలా నిలబడాలి అన్న ప్రశ్నలకు సర్జన్ల దగ్గర సమాధానం దొరకలేదు. కోలుకున్నాక, అదే శస్త్రచికిత్స జరిగిన స్త్రీల మంచాల దగ్గరకు తనే వెళ్ళడం మొదలుపెట్టారు. చేతిలో ఒక చిన్న సంచి. అందులో తాత్కాలికంగా పెట్టుకునే కృత్రిమ స్తనం, చేతి వ్యాయామానికి రబ్బరు బంతి, తాడు, ఒక చిన్న పుస్తకం. అలా పుట్టిన ‘రీచ్ టు రికవరీ’ని 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ తన కార్యక్రమాల్లో చేర్చుకుంది. తరువాత అది ఎన్నో దేశాలకు వ్యాపించింది.

అయితే ఆ సంచితో పాటు ఒక షరతు కూడా ఉండేది. సర్జన్ అనుమతిస్తేనే రోగి దగ్గరకు వెళ్ళాలి. వైద్యం గురించి మాత్రం నోరెత్తకూడదు. ఈ చికిత్స అవసరమా, ఇంకో మార్గం ఉందా అని రోగి అడిగితే, మీ డాక్టరునే అడగండి అని తప్పుకోవాలి. ఆ షరతుకు ఒప్పుకోకపోతే ఆసుపత్రి గుమ్మం దాటడమే సాధ్యమయ్యేది కాదు కనుక లాసర్‌ను తప్పుపట్టడం న్యాయం కాదు. ఒంటరిగా పడివున్న స్త్రీకి, తనలాంటి ఇంకో మనిషి నడిచి రావడమే ఆ రోజుల్లో గొప్ప విషయం.

ఆ పరామర్శ అందరికీ ఒకేలా అందలేదు కూడా. 1978లో రొమ్ము తొలగించిన తరువాత నల్లజాతి కవయిత్రి ఆడ్రీ లార్డ్‌ దగ్గరకు వచ్చిన వాలంటీరు ఆమెకు లేత గులాబీ రంగులో ఉన్న కృత్రిమ స్తనాన్ని ఇచ్చింది. ఆ రంగు లార్డ్ ఒంటికి నప్పేది కాదు. అంతకన్న, లోపాన్ని దాచుకుని ఏమీ జరగనట్టు తిరగాలన్న ఉపదేశమే ఆమెను బాధించింది. ఒకరికొకరు కనబడకుండా దాక్కుంటే తామెంతమందో స్త్రీలకు ఎలా తెలుస్తుందన్నది 1980లో వెలువడిన ‘ది క్యాన్సర్ జర్నల్స్’లో ఆమె లేవనెత్తిన ప్రశ్న.

షరతును నేరుగా ధిక్కరించినది మేరీలాండ్ పత్రికా రచయిత్రి రోజ్ కుష్నర్. 1974లో తన రొమ్ములో గడ్డ కనబడినప్పుడు, పరీక్ష మాత్రమే చేయాలని, ఫలితం తెలిశాక నిర్ణయం తనదేనని ఆమె పట్టుబట్టారు. సర్జన్లు ఒకరి తరువాత ఒకరు నిరాకరించారు. కొన్ని నెలలకే, ఆ సెప్టెంబరులో, అధ్యక్షుడి భార్య బెటీ ఫోర్డ్‌కు అదే పరీక్ష చేయబోతున్నారని వార్త వచ్చింది. కుష్నర్ వైట్‌హౌస్‌కు ఫోన్ చేసి, రెండు దశలుగా చేయించమని చెప్పడానికి ప్రయత్నించారు. అధ్యక్షుడు నిర్ణయం తీసేసుకున్నారని జవాబు వచ్చింది. శరీరం ఒకరిది, నిర్ణయం మరొకరిది! సెప్టెంబరు 28న బెటీ ఫోర్డ్‌కు శస్త్రచికిత్స జరిగింది. ఆమె దానిని దాచకుండా చెప్పడం వల్ల పరీక్షల కోసం వచ్చే స్త్రీల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. ఆ మేలు కూడా చిన్నది కాదు.

1975లో కుష్నర్ తన పరిశోధనను పుస్తకంగా ప్రచురించి, స్త్రీలు ఫోన్ చేసి అడగడానికి ఒక సలహా కేంద్రం తెరిచారు. అక్కడ వైద్యం గురించి మాట్లాడకూడదన్న నియమం లేదు. 1978లో షికాగో దగ్గర మిమీ కాప్లన్, ఆన్ మార్కూ అనే ఇద్దరు రోగులు ‘వై-మీ’ అనే సంఘాన్ని అదే దారిలో మొదలుపెట్టారు. 1979లో జాతీయ ఆరోగ్య సంస్థ ఏర్పాటుచేసిన నిపుణుల సంఘంలో కుష్నర్ సభ్యురాలు. పరీక్షను, శస్త్రచికిత్సను వేరుచేయాలని ఆ సంఘం సిఫారసు చేసింది. అదే ఏడు మసాచుసెట్స్ రాష్ట్రం, ప్రత్యామ్నాయ చికిత్సలేమిటో రోగికి చెప్పి తీరాలని చట్టం తెచ్చింది. 1985లో బెర్నార్డ్ ఫిషర్ బృందం, గడ్డను మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినా రొమ్ము మొత్తం తీసినంత ఆయుర్దాయమే ఉంటుందని చూపించింది. ఆ స్త్రీలు అడిగిన ప్రశ్నలు అసంగతం కావని అప్పటికి తేలింది.

1992 నుంచి ప్రపంచమంతా కనిపిస్తున్న గులాబీ రిబ్బను కథ అందరికీ తెలిసినదే. షార్లట్ హేలీ అనే వృద్ధురాలు, క్యాన్సర్ నివారణకు ప్రభుత్వం ఖర్చుపెడుతున్నది చాలదని చెబుతూ ఇంట్లో చేసి పంచిన రిబ్బను పీచ్ రంగుది. వ్యాపారానికి ఇవ్వనని ఆమె అనడంతో రంగు మార్చారన్నది మాత్రం తక్కువ మందికి తెలుసు. ఆ రిబ్బను చుట్టూ కోట్ల డాలర్లు తిరిగాయి. ఫోన్లో మాట సాయం చేసిన వై-మీ 2012లో ఆర్థిక ఇబ్బందులతో మూతపడింది.

ఇలా కలిసి మాట్లాడుకోవడం వల్ల ఆయుష్షు పెరుగుతుందా? 1989లో డేవిడ్ స్పీగెల్ లాన్సెట్ పత్రికలో ప్రకటించిన అధ్యయనం పెరుగుతుందనే చెప్పింది. వ్యాధి శరీరమంతా పాకిన 86 మంది స్త్రీలలో, వారం వారం బృందంగా కలిసినవారు సగటున 36.6 నెలలు, మిగిలినవారు 18.9 నెలలు జీవించారు. పెద్ద ఆశ పుట్టింది. 2001లో 235 మందితో కెనడాలో పామెలా గుడ్విన్ చేసిన అధ్యయనంలో ఆ తేడా కనబడలేదు; స్పీగెల్ తానే మళ్ళీ చేసి 2007లో ప్రకటించినదానిలోనూ ఆ ఫలితం నిలవలేదు. కాని గుడ్విన్ అధ్యయనంలో, ముఖ్యంగా తీవ్రమైన బాధలో చేరిన స్త్రీలకు, మనోవేదన, నొప్పి తగ్గాయి. ఆయుష్షు పెరిగితేనే ఆ కలయికకు విలువ అని ఎందుకనుకోవాలో అర్థం కాదు.

తెలుగునాట పరామర్శకు కొదవ లేదు. మంచం చుట్టూ బంధువులు నిండిపోతారు. ఆ గుంపులో, నాకూ ఇదే వచ్చింది అని చెప్పే మనిషి అరుదు. కూతురి పెళ్ళి సంబంధాలు చెడతాయేమోనన్న భయం చాలా ఇళ్ళలో నోరు కట్టేస్తుంది. క్యాన్సర్‌తో మరణించిన భార్య పేరు మీద ఎన్.టి. రామారావు తలపెట్టిన బసవతారకం ఇండో అమెరికన్ ఆసుపత్రి 2000లో హైదరాబాదులో తెరుచుకుంది. పేరులోని ‘అమెరికన్’ అన్న మాట వెనక ప్రవాస తెలుగు వైద్యుల శ్రమ ఉంది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ, పేదలకు చికిత్స ఖర్చు భారాన్ని కొంత దించింది. అదే ఏడు, క్యాన్సర్‌ను ఎదుర్కొన్న తన తల్లి పేరుతో డాక్టర్ రఘురామ్ హైదరాబాదులో ఉషాలక్ష్మి ఫౌండేషన్ స్థాపించారు. ఆ సంస్థ చేపట్టిన గ్రామ కార్యక్రమంలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు స్త్రీలను చేతితో పరీక్షించేవారు. అలాంటి చోట పరీక్ష మొదలు కావాలంటే, ముందుగా ఇంటి గుమ్మంలో నిలబడి ఇద్దరు ఆడవాళ్ళు ‘రొమ్ము’ అన్న మాటను పైకి అనుకోవాలి.