దుంగల వేట: జపాన్, చైనా గట్టికలప దిగుమతులు

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కొన్ని దశాబ్దాలపాటు ఉష్ణమండల గట్టికలప దుంగలను అందరికంటే ఎక్కువగా కొన్న దేశం జపాన్. 2000 తర్వాత ఆ స్థానం చైనాకు దక్కింది. ఒకే మార్కెట్లో ఒకదాని వెనుక ఒకటి అడుగుపెట్టినా, ఈ రెండు దేశాలూ కొన్న కారణాలు వేరు.

జపాన్ భూభాగంలో మూడింట రెండు వంతులు అడవే. అయితే యుద్ధకాలంలో బోడి అయిన కొండలపై నాటిన సుగి, హినోకి మొక్కలు కోతకు రావడానికి దశాబ్దాలు పట్టింది. ఈలోగా ఫిలిప్పీన్స్ లావాన్ ఆదుకుంది. ఇది తెలుగునాట పెరిగే గుగ్గిలం చెట్టు కుటుంబానికి చెందినది. వెడల్పాకుల చెట్టు కనుక వ్యాపార లెక్కలో గట్టికలపే గాని, చెక్క మెత్తన, మాను నిటారు. దుంగను లేత్‌కు బిగించి తిప్పుతూ పొడవాటి కత్తిని ఆనిస్తే, పల్చటి పొర తెగకుండా ఊడివస్తుంది. నార ఒక పొరకు నిలువుగా, మరో పొరకు అడ్డంగా వచ్చేలా పేర్చి, జిగురు పూసి నొక్కితే ప్లైవుడ్. తొలినాళ్లలో దాన్ని అమెరికాకు ఎగుమతి చేసేవారు. తర్వాత అది ఎక్కువగా స్వదేశంలో కాంక్రీటు పనుల సెంట్రింగ్‌కే ఖర్చయింది. ఆ పలకలను కొన్నిసార్లు వాడి పారేసేవారు.

ఫిలిప్పీన్స్ అడవులు తరిగిపోవడంతో జపాన్ వర్తకులు, 1967లో విదేశీ పెట్టుబడిని ఆహ్వానించిన ఇండోనేషియాకు మళ్లారు. 1973లో జపాన్ ఉష్ణమండల దుంగల దిగుమతి 2.5 కోట్ల ఘనమీటర్లు దాటింది. 1985లో ఇండోనేషియా దుంగల ఎగుమతిని నిషేధించగానే ఒత్తిడి మలేషియాలోని సబా, సరవాక్‌లపై పెరిగింది. 1987లో సరవాక్‌లో పెనన్ గిరిజనులు కలప లారీల దారులకు అడ్డుకట్టలు వేశారు. 1993లో సబా కూడా దుంగల ఎగుమతి ఆపింది. ఆ తర్వాత జపాన్ ప్లైవుడ్ మిల్లులు రష్యా లార్చ్‌కూ, చివరికి ఎదిగివచ్చిన సొంత సుగికీ మారాయి.

చైనా కథ వరదలతో మొదలైంది. 1998లో యాంగ్జీ నది వేలమందిని బలిగొన్నాక, ఎగువ పరీవాహకంలోని సహజారణ్యాల్లో చెట్ల కోతను నిషేధించారు. మరుసటి ఏడాది దుంగలపై దిగుమతి సుంకం ఎత్తేశారు. పాపువా న్యూగినీ, సోలమన్ దీవులు, గబాన్, మయన్మార్ దుంగలు చైనా రేవులకు చేరాయి. వాటిలో కొంత ప్లైవుడ్‌గా, ఫర్నిచర్‌గా మారి తిరిగి ఓడలెక్కేది. 2010లో గబాన్, 2014లో మయన్మార్ దుంగల ఎగుమతిని నిషేధించాయి. కొనుగోళ్లు ఇతర దేశాలకు మళ్లాయి.

రెండు దేశాలూ కోరుకున్న చెట్టు ఒకటి శేషాచలం కొండల్లో ఉంది. ఎర్రచందనాన్ని జపాన్‌లో షమిసెన్ వాద్యం మెడకు వాడతారు. చైనాలో అది విలాస ఫర్నిచర్ కలప. 1995 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారంపై సైట్స్ ఒప్పందపు నియంత్రణ ఉంది.

సక్రమంగా నరికిన కలపనే కొనేలా ప్రోత్సహించే చట్టం జపాన్‌లో 2017లో అమలైంది. అక్రమమని తెలిసిన కలపను కొనరాదని చైనా సవరించిన అటవీ చట్టం 2020లో నిర్దేశించింది. మొత్తంమీద ఎగుమతి నిషేధాలు కొనుగోలును ఒక అడవి నుంచి మరో అడవికి నెట్టాయి. జపాన్ దిగుమతి తగ్గడంలో మాత్రం మిల్లులు వేరే కలపకు మారడానిదే పెద్ద పాత్ర.