దొరువు నీరు, చవుడు నేల: పులికాట్ పడమటి గట్టు

తడకు తూర్పున పరుచుకున్న పులికాట్ సరస్సు కొన్ని వేల ఏళ్ల కిందట సముద్రం ముందుకొచ్చి వెనక్కి తగ్గిన కాలంలో రూపు దిద్దుకుంది. శ్రీహరికోట ఇసుక దిబ్బ దాన్ని బంగాళాఖాతం నుంచి వేరు చేసింది. అలలు పోసిన ఇసుక మెరకలైంది, ఏరులు తెచ్చిన బంకమన్ను పల్లాల్లో పేరుకుంది. ఈ రెండు నేలల కింద నీటి నడక వేరు. అందుకే పైన మొలిచేవీ వేరు.

మెరకల మీద ఈశాన్య రుతుపవనాల వాన ఇసుకలోకి నేరుగా ఇంకుతుంది. ఉప్పునీటికంటే తేలిక కావడంతో మంచినీరు దాని మీద పొరగా నిలుస్తుంది. సముద్రమట్టానికి మీటరు ఎత్తున మంచినీరుంటే, ఆ మట్టానికి దిగువన దాదాపు 40 మీటర్ల దాకా అదే ఉంటుందని 19వ శతాబ్ది చివర డచ్ ఇంజనీరు బాడన్ గైబెన్, 1901లో జర్మనీకి చెందిన హెర్జ్‌బర్గ్ లెక్కగట్టారు. కోస్తా రైతు ఆ లెక్క తెలియకుండానే దాన్ని పాటించాడు. ఇసుకలో లోతు తక్కువగా, దిగడానికి వాలుగా గుంట తవ్వుతాడు. అదే దొరువు. రెండు చేతులా కుండలు ముంచి నారుమళ్ల మీద చల్లుతాడు. కుండలతో తోడితే పై పొరే తగ్గుతుంది, కింది ఉప్పు కదలదు.

పల్లాల్లో ఉప్పునీరు నేలకు చేరువగా ఉంటుంది. వేసవిలో అది బంకమన్ను సన్నని సందుల గుండా పైకెక్కి ఆవిరైపోతే తెల్లని ఉప్పుపొర మిగులుతుంది. సోడియం మట్టి రేణువులను విడదీయడంతో ఆ నేల తడిస్తే జిగురు, ఎండితే గట్టి పెళ్ల. తాటి, మొగలి, సర్వి మెరక మీదే నిలుస్తాయి. అంచున తుంగ, ఇంకా దిగువన కండగల ఆకుల్లో ఉప్పును దాచుకునే వంగరెడ్డికూర. ఉప్పు మరీ పేరుకున్నచోట నేల బోడిగా ఉంటుంది.

సరస్సు గుండా సాగిన బకింగ్‌హామ్ కాలువ మీద పడవలు శ్రీహరికోట వంటచెరకును మద్రాసుకు చేర్చేవి. మెరకల నీటితో పెరిగిన చెట్టు అలా నగరం పొయ్యిలోకి చేరింది.

1990లలో తూర్పు తీరమంతా రొయ్యల చెరువులు వచ్చాయి. చెరువుల్లోని ఉప్పునీరు పక్క పొలాల్లోకి, తాగునీటి బావుల్లోకి ఊరుతుందన్న ఫిర్యాదులు సుప్రీంకోర్టుకు చేరాయి. 1996 డిసెంబరు 11న ఇచ్చిన తీర్పులో కోర్టు చిలికా, పులికాట్ సరస్సులకు 1,000 మీటర్ల లోపు అలాంటి పరిశ్రమలు పెట్టరాదని ఆదేశించింది. లోతు బోర్ల ముప్పు మరో తీరుది. మోటారు ఒకేచోట ఎక్కువగా తోడితే కింది ఉప్పునీరు శంకువులా పైకి లేస్తుంది, ఒకసారి చెడిన బావి మళ్లీ తీపెక్కడానికి ఎన్నో వానలు కావాలి.

అందుకే బాపట్ల వ్యవసాయ పరిశోధకులు దొరువునే మెరుగుపరిచారు. తక్కువ లోతులో అడ్డంగా వేసిన గొట్టాలు పై పొర నీటిని మెల్లగా మధ్య బావికి చేరుస్తాయి. తుంపర సేద్యంతో అది పైరుకు అందుతుంది. పరికరం కొత్తదే అయినా పాత నియమం మారలేదు: తేలే నీటినే తోడాలి, అడుగు ఉప్పును కదిలించకూడదు.